నర్సుకు కావాల్సింది అధికారమా, అణకువా?

నర్సులకు ‘నాయకత్వ లక్షణాలు’ నేర్పించాలని ఈమధ్య ఆసుపత్రి యాజమాన్యాలకు తెగ ఉత్సాహం పుట్టింది. సంగారెడ్డి, పటాన్‌చెరుల్లో ప్రైవేటు ఆసుపత్రి నర్సులను, ఆ శిక్షణలో ఏం చెప్పారని అడిగాను. రోగి బంధువులతో ఓర్పుగా మాట్లాడాలి, కోపం దిగమింగుకోవాలి, టైముకు రావాలి. ఇవీ జవాబులు. ఇది నాయకత్వమా? ఆడపిల్లకు ఇంట్లో పుట్టినప్పటి నుంచీ నూరిపోసే అణకువకే సర్టిఫికెట్ ఇస్తున్నారు.

నర్సుల్లో సుమారు 90 శాతం స్త్రీలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక చెప్పింది. ఆ పనిని ‘సేవ’ అని పొగుడుతూ, నిర్ణయాలు చేసే కుర్చీకి మాత్రం నర్సును దూరంగా ఉంచడం పితృస్వామ్యానికి కొత్త కాదు. నాయకత్వమంటే చూసినదాన్ని రాసే, చెప్పే, దానికి జవాబు రాబట్టే అధికారం. అది రోజువారీ డ్యూటీలో, రోగి మంచం పక్కనే మొదలవ్వాలి.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం లాంటి చోట్ల ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. దగ్గుతోనో, దద్దుర్లతోనో వచ్చిన కార్మికుణ్ణి డాక్టరు కొద్ది నిమిషాలు చూసి వెళ్తాడు. షిఫ్టంతా వార్డులో ఉండేది నర్సు. అతను ఏ పొడి పీలుస్తున్నాడో, తోటి పనివాళ్లకూ ఇదే బాధ ఉందో లేదో తెలుసుకునే వీలు ఆమెకే ఎక్కువ. కానీ వృత్తి వల్ల వచ్చే జబ్బుల గురించి అధికారులకు తెలియజేసే బాధ్యతను 1948 ఫ్యాక్టరీల చట్టం యాజమాన్యం మీద, డాక్టరు మీద పెట్టింది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కూడా అంతే. నర్సు చూసినది చట్టం కంటికి ఆనదు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. మృతుల్లో ఎందరో ఇతర రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. పేలుడు వార్త అవుతుంది, మంత్రులు వస్తారు. రోజూ కాస్త కాస్తగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే విషం వార్త కాదు. దాన్ని ముందుగా పసిగట్టగల మనిషికి మాత్రం నోరు లేకుండా చేశారు.

2023లో తెలంగాణ ప్రభుత్వం స్టాఫ్‌నర్సును ‘నర్సింగ్ ఆఫీసర్’ అంది. మంచిదే. పేరుతోపాటు అధికారం వచ్చిందా? సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. జీతానికీ ఉద్యోగానికీ భరోసా లేని మనిషిని ‘నాయకురాలివి కా’ అనడం ఎగతాళి కాదా?

“ఇప్పటికే పనిభారంతో నలిగిపోతోంది, ఆమె నెత్తిన ఇంకో రిజిస్టరా?” అని మన కార్యకర్తలు కొందరంటారు. ఆ రిజిస్టరు పేరు చెప్పే సిబ్బందిని పెంచమని అడగాలి. పనిభారాన్ని సాకుగా చూపి ఆమె గొంతును వాయిదా వేయలేం.

కేసుషీటులో రోగి చేసే పని, ఫ్యాక్టరీ, ఎన్నేళ్లుగా అన్న వివరాలు తప్పనిసరి చేయాలి. ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి నర్సు నేరుగా రాసే హక్కు, రాసినందుకు వేధింపులకు గురికాకుండా రక్షణ ఉండాలి. ఆసుపత్రి కమిటీల్లో నర్సులు ఎన్నుకున్న ప్రతినిధులుండాలి. శిక్షణలో వృత్తి వ్యాధుల గురించి చెప్పాలి.

మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు నర్సుల దగ్గరకు వెళ్లాల్సింది ఈ డిమాండ్లతోనే. ఓర్పు గురించి ఆమెకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఆమె రాసినదానికి జవాబు చెప్పడం యాజమాన్యాలూ ప్రభుత్వమూ నేర్చుకోవాలి.