ఫోనుకు ఆయువు

ఫోను కొనడానికి దుకాణానికి వెళ్ళినప్పుడు మనం ఎన్నో ప్రశ్నలు అడుగుతాం. ధర ఎంత? కెమెరా ఎలా ఉంటుంది? బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? ఇవన్నీ అడగవలసినవే. కాని ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. "ఈ ఫోనుకు ఎన్ని సంవత్సరాల వరకు అప్‌డేట్‌లు వస్తాయి?" అని అడిగేవారు చాలా అరుదు. ఫోను ఆయువు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే ఆధారపడి ఉంది.

ఫోనులో మన కంటికి కనిపించేది యంత్రం. దానిని నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్ అనే సాఫ్ట్‌వేర్. తెరపై వేలు ఎక్కడ తాకిందో గుర్తించడం, యాప్‌లన్నింటికీ మెమరీని పంచడం, ఒక యాప్ సమాచారంలో మరొకటి తలదూర్చకుండా కాపలా కాయడం దాని పనులు. నేడు ప్రపంచంలోని స్మార్ట్‌ఫోన్లలో అత్యధిక భాగం రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదనే నడుస్తున్నాయి. ఒకటి గూగుల్ సంస్థ పెంచిన ఆండ్రాయిడ్. రెండవది ఆపిల్ సంస్థ తన ఐఫోన్ల కోసం రూపొందించిన ఐఓఎస్. మన దేశంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్.

మిగిలినవి ఏమయ్యాయి? మైక్రోసాఫ్ట్ సంస్థ 2010లో విండోస్ ఫోనును విడుదల చేసింది. 2011లో నోకియా కూడా తన పాత సింబియన్‌ను పక్కన పెట్టి దానితో చేతులు కలిపింది. విండోస్ ఫోను చూపుకు అందమైనది. తక్కువ ధర ఫోన్లలో కూడా చురుకుగా నడిచేది. అయినా నిలబడలేదు. వాడేవారు తక్కువని యాప్‌లు తయారుచేసేవారు రాలేదు. యాప్‌లు లేవని కొనేవారు రాలేదు. 2019 డిసెంబరు 31తో వాట్సాప్ ఆ ఫోన్లలో ఆగిపోయింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన సహాయాన్ని పూర్తిగా ముగించింది. ఆ ఫోన్లు పగిలిపోలేదు. వాటి తెరలు వెలుగుతూనే ఉన్నాయి. కాని వాటితో చేయగల పనులు మాత్రం ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఎన్ని ఫోన్లు అమ్ముడుపోయాయన్నది ఒక్కటే ఆపరేటింగ్ సిస్టమ్ ఎదుగుదలకు కొలత కాదు. దానికోసం యాప్‌లు రాసేవారు ఉండాలి. అమ్మిన తరువాత దాని బాగోగులు చూసేవారు కూడా ఉండాలి. మొదటి విషయంలో ఆండ్రాయిడ్ గెలిచింది. రెండవ విషయంలో అది ఇంకా చాలా దూరం నడవవలసి ఉంది.

దానికి కారణం ఉంది. గూగుల్ కొత్త రూపాన్ని విడుదల చేసినంత మాత్రాన అది మన ఫోనుకు చేరదు. చిప్ తయారుచేసిన సంస్థ తన భాగాన్ని సవరించాలి. ఆ తరువాత ఫోను సంస్థ తన నమూనాలకు సరిపడేటట్లు మార్చి, పరీక్షించి పంపాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఫోను పాత రూపంలోనే ఉండిపోతుంది. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక మల్టీమీడియా సందేశం పంపి ఇతరుల ఫోనులో చొరబడడానికి అది వీలు కల్పించేది. ఆ సంవత్సరం నుంచే గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు విడుదల చేయడం ప్రారంభించింది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 ఈ గొలుసులోని పనిని కొంత తేలిక చేసింది. 2023లో పిక్సెల్ 8 ఫోనుకు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్ 24 ఫోనుకు శామ్‌సంగ్ 7 సంవత్సరాల అప్‌డేట్‌లు ఇస్తామని ప్రకటించాయి. ఇది మంచి మార్పు. కాని ఇవి ఖరీదైన ఫోన్లు. సామాన్యులు కొనే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఇంతకాలం హామీ లేదు.

భాష విషయంలో కూడా ఈ సంరక్షణ అవసరమే. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తో తెలుగు ఆ వ్యవస్థ భాషలలో ఒకటిగా చేరింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక వింత లోపం కనిపించింది. మన "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరుసలో వస్తే చాలు, సందేశాలు చూపే యాప్ మూతపడేది. ఆపిల్ అదే నెల 19న సవరణ పంపి దానిని సరిదిద్దింది. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు వంటి ఊళ్ళలో బస్సు మీద ఊరి పేరు వేరే లిపిలో ఉంటుంది. అక్కడి తెలుగు పిల్లలకు తమ లిపి రోజూ కనబడే చోట్లలో ఫోను ఒకటి. ఆ లిపి సరిగా కనబడాలంటే లోపాలను దిద్దేవారు ఎప్పుడూ ఉండాలి.

ఎక్కువ కాలం అప్‌డేట్‌లు ఇస్తే ఖర్చు పెరుగుతుందని, చౌక ఫోను ధర కూడా పెరుగుతుందని కొందరు అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని బాగా పనిచేస్తున్న యంత్రాన్ని రెండు మూడు సంవత్సరాలకే పక్కన పెట్టి మరొకటి కొనవలసి వస్తే ఆ కుటుంబానికి అయ్యే ఖర్చు మాటేమిటి? పాత ఫోనుతోనే బ్యాంకు లావాదేవీలు జరిపేవారి డబ్బుకు రక్షణ ఏమిటి? ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఒక నమూనా అమ్మకం ఆగిన తరువాత కనీసం 5 సంవత్సరాలు అప్‌డేట్‌లు అందాలి. అటువంటి నియమం మనకూ కావాలి.

మందుల మీద గడువు తేదీ ముద్రిస్తారు. ఫోను పెట్టె మీద కూడా అప్‌డేట్‌లు ఏ తేదీ వరకు వస్తాయో ముద్రించాలి. ఆ తేదీ పెద్ద అక్షరాలలో, అందరికీ కనబడే చోట ఉండాలి. అలా చేస్తే కొనేవారు తెరను, కెమెరాను చూసినట్లే దానినీ చూస్తారు. సంస్థలు ఆ తేదీని పెంచడానికి పోటీ పడతాయి. అప్పటివరకు ఈ ప్రశ్న అడిగే బాధ్యత మనదే. ఇంట్లో పెద్దలు ఫోను కొనడానికి బయలుదేరినప్పుడు చదువుకున్న పిల్లలు వారితో వెళ్ళాలి. ఆ ప్రశ్న అడిగి, జవాబు విన్న తరువాతే డబ్బు చెల్లించమని చెప్పాలి.