తీగ లేని ఇంటికి ముందు తొట్టి కట్టాలి

ఊరికి దూరంగా చేలో ఒక ఇల్లు కట్టుకున్నారనుకోండి. అక్కడికి కరెంటు స్తంభం రాదు, పంచాయతీ కొళాయి రాదు. అయినా వెలుగు కావాలి, నీళ్లు కావాలి, పొయ్యి వెలగాలి. అటువంటి ఇంటికి మొట్టమొదట అమర్చవలసినదేమిటి? ఏ తరగతిలో అడిగినా "సోలార్ ప్యానెల్, సార్!" అంటారు. నా జవాబు వేరు. మా దొనకొండ వైపు అయితే ముందు వాన నీళ్ల తొట్టి కట్టాలి. ప్యానెల్ తరువాత.

ఎందుకంటారా? ఎండ మనకు కరువు కాదు. లెక్క చూడండి. 9 వాట్ల బల్బులు నాలుగు, రోజుకు 5 గంటలు వెలిగితే 180 వాట్-గంటలు. 30 వాట్ల కొత్త రకం ఫ్యాన్లు రెండు, 10 గంటలు తిరిగితే 600. 50 వాట్ల టీవీ 3 గంటలకు 150. ఫోన్లతో కలిపి సుమారు 1 యూనిట్. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే ఈ ఇంటికి అర కిలోవాట్ సరిపోతుంది. రాత్రి కోసం బ్యాటరీ ఉండాలి. పాత 75 వాట్ల ఫ్యాన్లే బిగించారా, ఆ రెండే 1500 మింగేస్తాయి! కనుక ప్యానెల్ పెంచే ముందు ఫ్యాన్ మార్చాలి. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే హీటరు ఈ ఇంట్లో అడుగు పెట్టరాదు. కరెంటు సంగతి ఇంతే.

చిక్కంతా నీటి దగ్గర వస్తుంది. సోలార్ మోటారు పెట్టి బోరు నీళ్లు తోడవచ్చు కదా అంటారు. తోడవచ్చు. కాని ఆ నీటిలో ఏముంది? 1937లో హెచ్.ఇ. షార్ట్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు, మరికొందరు కలిసి మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి మొదటిసారి శాస్త్రీయంగా ప్రకటించారు. వారు చూసిన రోగులు ఎక్కడివారో తెలుసా? మన పక్కనే ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలవారు! అప్పుడవి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు.

ఫ్లోరైడ్ భూమిలోని కొన్ని రాళ్ల నుండి నీటిలో కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదు. బట్టలో వడకట్టినా పోదు. కాచితే మరీ చిక్కబడుతుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గాని ఫ్లోరైడ్ కాదు. ఆర్.ఓ. యంత్రం దాన్ని తీసివేస్తుంది, నిజమే. కాని ఇంట్లో పెట్టుకునే యంత్రం ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి తరచు అంతకంటే ఎక్కువ నీటిని పారబోస్తుంది. పైగా దానికీ కరెంటు కావాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే 'నల్లగొండ పద్ధతి'ని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. పాళ్లు కుదరాలంటే నీటిని పరీక్షిస్తూ ఉండాలి. ఒంటరి ఇంట్లో ఆ ఓపిక ఎవరికుంటుంది?

వాన నీటిలో ఫ్లోరైడ్ లేనట్టే. ఇప్పుడు రెండో లెక్క. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మిద్దె, ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. 30,000 లీటర్లు! ఐదో వంతు వృథా పోయినా 24,000 మిగులుతాయి. కరువొచ్చి సగమే కురిసినా 12,000. ఐదుగురికి తాగడానికి, వంటకు మనిషికి 5 లీటర్ల చొప్పున రోజుకు 25 లీటర్లు కావాలి. ఏడాదికి 9,125. వానలు లేని 200 రోజులు దాటడానికి 5,000 లీటర్ల నిల్వ చాలు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు గల తొట్టిలో 6,000 పడతాయి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడుకోవచ్చు.

అయితే మట్టి మిద్దె, బోద కప్పు దీనికి పనికిరావు. సిమెంటు స్లాబు గాని ఇనుప రేకులు గాని ఉండాలి. మొదటి వాన కప్పును కడుగుతుంది, ఆ నీటిని బయటికి వదిలేయాలి. తొట్టిలోకి వెలుతురు, దోమ దూరకూడదు. తాగే నీటిని కాచుకోవాలి. ఇక్కడ కాచడం సూక్ష్మజీవుల కోసం, ఫ్లోరైడ్ కోసం కాదు!

గోబర్ గ్యాస్ సంగతి కూడా చెప్పాలి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, దానిలో కలపడానికి దాదాపు అన్నే నీళ్లు కావాలి. అంటే ఇంటిల్లిపాది తాగి వండుకునే నీటికి రెండింతలు! పాడి ఉన్నవాళ్లు వాడిన నీటిని, పశువులు కడిగిన నీటిని అందులో పోస్తే మంచిదే. రెండు గేదెలున్న ఇంటికి మాత్రం ఇది సాగే పని కాదు.

ఊళ్లో తీగ ఉన్నవాళ్లు దాన్ని తెంచుకోవాలని నేననను. ఒకరి మిద్దె మీద మిగిలిన కరెంటు తీగ వెంట మరొకరికి పోతుంది. ఆ సౌకర్యం పాడు చేసుకోనక్కరలేదు. 2024లో మొదలైన 'పి.ఎం. సూర్య ఘర్' పథకంలో తీగకు కలిపిన 3 కిలోవాట్ల ప్యానెళ్లకు కేంద్రం 78,000 రూపాయల సాయం ప్రకటించింది. సంతోషం. మన మెట్ట ప్రాంతంలో తొట్టికి కూడా అంత ప్రచారం, అంత చేయూత దక్కాలని నా కోరిక. ఎనిమిదేళ్ల లోపు, చిగుళ్లలో పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీటి వల్ల పడిన గోధుమ మచ్చ, పెద్దయ్యాక ఎన్ని మంచి నీళ్లు తాగినా పోదు. కాబట్టి తొట్టి చిన్నదైతే, నీళ్లు అందరికీ చాలకపోతే, మొదటి చెంబు ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డదే.