దాచుకోని పేరు

సోవియట్ యూనియన్‌లో ఇంటింటా వినిపించిన గాయకుని పేరే 'ముస్లిం'. ముస్లిం మాగొమాయెవ్ 1942లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జన్మించారు. తాతగారిదీ అదే పేరు; అజర్‌బైజాన్ శాస్త్రీయ సంగీతానికి పునాది వేసిన వారిలో ఆయన ఒకరు. బాకూలోని సంగీత మందిరం ఆ తాతగారి పేరనే ఉన్నది. మనవడు 1962లో హెల్సింకీ యువజనోత్సవంలో పాడి పేరు తెచ్చుకొన్నారు. తరువాత ఇటలీలోని లా స్కాలాలో శిక్షణ పొందినా, సామాన్యులు పాడుకొనే పాటలవైపే మొగ్గారు. 31 ఏళ్లకే, 1973లో, 'సోవియట్ ప్రజా కళాకారుడు' బిరుదు లభించింది.

మాకు బిరుదుకన్న ఆ పేరే ముఖ్యమనిపిస్తుంది. మతాన్ని అణచివుంచిన రాజ్యంలో సైతం గోడపత్రికలపై, రేడియోలో ఆ పేరు మారలేదు. రష్యన్ శ్రోతలు దానిని ప్రేమతోనే పలికారు. మన దేశంలోనో, యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌గా, మహజబీన్ మీనాకుమారిగా తెరపైకి వచ్చారు. మాగొమాయెవ్ పాడినవి భక్తిగీతాలు కావు, అధికభాగం ప్రేమగీతాలు, అవీ రష్యన్ భాషలో. కనుక ఆయనను మతానికి ప్రతినిధిగా నిలపడం మా ఉద్దేశం కాదు. అద్దె ఇంటికోసం వెళ్లి పేరు చెప్పడానికి తటపటాయించే మన పిల్లలకు ఈ గాయకుని సంగతి తెలియాలన్నదే మా కోరిక. 2008లో మాస్కోలో కన్నుమూసిన ఆయనను బాకూకు తెచ్చి, గౌరవ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు.