కాలం ఆగిందా, సెల్ కారిందా?

తెలుగు కథలో గోడ గడియారం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనో, పోబోతున్నారనో లెక్క. కవిత్వంలో అయితే ఏకంగా కాలమే ఆగిపోతుంది. నాకు చిన్న అభ్యంతరం ఉంది. ఇళ్ళలో గడియారం ఆగిందంటే చాలాసార్లు సెల్ కారి, అది తగిలే రేకుకి చిలుము పట్టిందని అర్థం. ఆ సంగతి రాసేవాళ్ళు మనలో ఎందుకు లేరన్నదే నా గొడవ.

మా ఇంట్లో ఒక పిట్ట గడియారం ఉంది. ప్లాస్టిక్ గుడిసె, కింద ఉత్తుత్తినే ఊగే లోలకం, గంటకోసారి కూసే పిట్ట. రెండేళ్ళుగా ముల్లు కదలదు, పిట్ట కూయదు. స్నేహితులు రెండు సలహాలిచ్చారు. "పారేసి కొత్తది కొనుక్కో" అన్నది ఒకటి. "అమ్మమ్మ గుర్తు కదా, దాని మీద ఏదైనా రాయొచ్చుగా" అన్నది రెండోది. వెనకున్న నాలుగు స్క్రూలు విప్పి చూడమని మాత్రం ఒక్కరూ అనలేదు.

నా చదువు ఇంజనీరింగే కానీ, నా పని సాఫ్ట్‌వేర్. చేతిలో ఉన్నది ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్. విప్పితే లోపల రెండు వేరు కాపురాలు: టైము చూపేది ఒకటి, కూసేది ఒకటి. ఎవరి సెల్స్ వాళ్ళవి. టైము వైపు కొత్త సెల్ వేసినా కాయిల్ దాకా కరెంటు వెళ్ళట్లేదు. రేకు మీద తెల్లగా, పచ్చగా పొర కట్టింది. పక్కన నిలబడి చూస్తున్న అమ్మతో "టెర్మినల్స్ కరోడ్ అయ్యాయి" అన్నాను. ఆవిడ వంగి చూసి, "చిలుము పట్టిందనరాదూ! కాస్త చింతపండు పెట్టి తోము" అంది.

ఆల్కలైన్ సెల్ కారితే బయటికొచ్చేది క్షారం. దాన్ని విరవడానికి కొంచెం పులుపు కావాలి. వీడియోల్లో వెనిగర్ అంటారు, మా అమ్మ చింతపండు అంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 'కరోజన్' అన్న మాట నాకు జబ్బు పేరు మాత్రమే చెప్పింది. 'చిలుము' అన్న మాట మందుని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఎందుకంటే ఆ మాట ఇత్తడి బిందెలు తోమిన చేతుల్లోంచి వచ్చింది.

తుడిచి ఆరబెట్టాక ముల్లు కదిలింది. లోపలి క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. పదిహేను రెళ్ళు వరసగా హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. చిప్పు దాన్ని పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోయి, సెకనుకి ఒక్క తోపుగా మారుస్తుంది. ఆ తోపుకి చిన్న అయస్కాంతం అరచుట్టు తిరుగుతుంది. పళ్ళ చక్రాలు సెకన్ల ముల్లుని ఒక గీత జరుపుతాయి. 'టిక్' అంటే ఇదీ.

పిట్ట వైపు ఒక తీగ ఊడితే టంకం పెట్టాను. అయినా కూయలేదు. డయలు మీద చిన్న కన్నం, దాని వెనక ఎల్‌డీఆర్ ఉంది. వెలుతురు తగ్గితే దాని నిరోధం పెరుగుతుంది, పిట్ట ఊరుకుంటుంది. రాత్రిళ్ళు మన నిద్ర చెడకుండా ఉండాలని చేసిన ఏర్పాటు అది. ఆ కన్నాన్ని జిడ్డూ దుమ్మూ కలిసి మూసేశాయి. పట్టపగలు కూడా రాత్రే అనుకుని పిట్ట నోరు మూసుకుని కూర్చుంది. ఆగిపోయిన కాలం కన్నా ఇది మంచి ఉపమానం కాదా? కాకపోతే ఇది స్క్రూలు విప్పినవాడికే దొరుకుతుంది.

ఇంగ్లీషు మాటలతో నాకు పేచీ లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో "లూజ్ కాంటాక్ట్ ఉంటదన్నా, జర గట్టిగా సోల్డర్ కొట్టు" అనే కుర్రాడిది నిక్షేపమైన తెలుగు. పేచీ వాక్యాల గురించి. ఒక పని ఎలా జరుగుతుందో వరసగా చెప్పే వాక్యాన్ని మన సాహిత్యం దాదాపు వదిలేసింది. జ్ఞాపకానికీ బాధకీ తెలుగు, మిగతా అన్నిటికీ ఇంగ్లీషు అని పంచేసుకున్నాం. నాలుగేళ్ళ ఇంజనీరింగులో నాకు ఒక్క పాఠమూ తెలుగులో చెప్పలేదు. ఆ లోటు తీర్చాల్సిన రచయితలు కూడా అటు చూడటం లేదు.

ఇది తెలుగుకి చేతకాని పనేం కాదు. కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసిన చేత్తోనే సైన్సు వ్యాసాలూ రాశారు. మహీధర నళినీమోహన్ 'పిడుగు దేవర కథ' రాశారు. వాళ్ళని గౌరవంగా పిల్లల అలమారలో సర్దేశాం. 1974లో వచ్చిన పిర్సిగ్ పుస్తకం 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మాత్రం మన అలమారల్లో ముందు వరసలో ఉంటుంది. అందులోంచి జెన్ తీసుకున్నాం, స్పార్క్ ప్లగ్గు వదిలేశాం.

"రిపేరు మాన్యువల్ సాహిత్యమా?" అంటారు. వడ్రంగం గురించి, సేద్యం గురించి కథలో వస్తే మట్టివాసన అని మెచ్చుకుంటున్నాం కదా, ఎల్‌డీఆర్ చేసిన పాపమేమిటి? "కొత్త మెషీన్ నూట యాభైకి దొరుకుతుంది" అంటారు. దొరుకుతుంది. ఆ లెక్కన పాత పదాలు కూడా పారేయొచ్చు. 2022లో కేంద్రం 'రైట్ టు రిపేర్' కోసం కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. సంతోషం. కానీ విప్పాక కనబడేదాన్ని ఇంట్లోవాళ్ళకి చెప్పలేని మనిషి ఆ హక్కుతో ఎంత దూరం వెళ్తాడు?

సంపాదకులకి ఒక విన్నపం. పాత ఇంటి జ్ఞాపకాల మీద పది వ్యాసాలొస్తే, ఆ ఇంట్లో మిక్సీ ఎందుకు ఆగిందో చెప్పే వ్యాసం ఒక్కటన్నా అడిగి రాయించండి. కవులకి ఇంకొకటి. కాలం ఆగిపోయిందని రాసేముందు, సెల్ ఒకసారి చూడండి.