కుర్చీ ఇచ్చారు సరే... తాళాల గుత్తి ఇచ్చారా?

2014 మే నెలలో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ ఫుట్ అనే క్లబ్బు ఒక ప్రకటన చేసింది. తమ మగాళ్ల ఫుట్‌బాల్ జట్టుకి హెలెనా కోస్టా అనే ఆవిడని కోచ్‌గా తీసుకుంటున్నామని! అక్కడి రెండో శ్రేణి లీగులో ఆడే జట్టు అది. కోస్టాది పోర్చుగల్. అప్పటికి వయసు 36. బెన్ఫికా క్లబ్బులో కుర్రాళ్ల జట్లకి ఆట నేర్పింది. ఖతార్, ఇరాన్ మహిళా జట్లకి కోచ్‌గా చేసింది. స్కాట్లండ్‌లోని సెల్టిక్ క్లబ్బు కోసం మంచి ఆటగాళ్లని వెతికిపెట్టే పని కూడా చేసింది. అంటే ఏమీ తెలియని మనిషిని తెచ్చి కూర్చోబెట్టలేదన్నమాట. పత్రికలన్నీ ఆమె ఫొటోలు వేశాయి. క్లబ్బు పేరు ఎప్పుడూ వినని వాళ్లు కూడా ఆ పేరు పలికారు.

రెండు నెలలు తిరక్కుండానే, ఒక్క మ్యాచ్ అయినా ఆడించకుండానే ఆమె రాజీనామా ఇచ్చేసి వెళ్లిపోయింది.

ఇంకేముంది! "చూశారా, మేం ముందే చెప్పలేదూ" అన్నవాళ్లు అన్నారు. క్లబ్బు అధ్యక్షుడైతే ఆడవాళ్ల మాట ఎలా నమ్మడం అన్న ధోరణిలో పత్రికల ముందు మాట్లాడారు. తర్వాత కోస్టా నోరు విప్పింది. తనకి తెలియకుండానే కొత్త ఆటగాళ్లని తీసుకున్నారట. తనని అడక్కుండానే స్నేహపూర్వక మ్యాచ్‌లు ఖాయం చేశారట. సంబంధిత అధికారికి ఉత్తరాల మీద ఉత్తరాలు పంపితే జవాబు లేదట. చివరికి, మీ ఉత్తరాలతో విసుగొస్తోందన్న మాట వినాల్సి వచ్చిందట. నేను ప్రచారం కోసం పెట్టుకున్న బొమ్మని మాత్రమేనని అర్థమైంది, అందుకే వచ్చేశాను అన్నది ఆమె మాటల సారాంశం.

ఈ కథ చదివినప్పుడు నాకు ఫ్రాన్స్ కంటే ముందు మన పంచాయతీ ఆఫీసులే గుర్తొచ్చాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. ఆడవాళ్లు సర్పంచులయ్యారు. మరి కుర్చీలో ఎవరు కూర్చున్నారు? చాలాచోట్ల "సర్పంచి గారి భర్త" కూర్చున్నాడు. సంతకం ఆవిడది, పెత్తనం ఆయనది. తర్వాత పనులు సరిగ్గా జరగలేదంటే "ఆడమనిషిని పెడితే అంతే" అన్న మాట మాత్రం ఆవిడ ఖాతాలో పడుతుంది. బీరువా అప్పగించి తాళాల గుత్తి మాత్రం కొంగున కట్టుకు తిరిగే అత్తగారి సంగతి మనకి ఎవరో చెప్పాలా?

అదే ఇల్లు, ఇంకో కోడలు

తమాషా ఏమిటంటే, కోస్టా వెళ్లిన కొద్ది రోజులకే అదే క్లబ్బు ఇంకొక స్త్రీనే తీసుకుంది. పేరు కొరీన్ దియాక్ర్. ఫ్రాన్స్ మహిళా జట్టు తరఫున 121 మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్. పట్టుదలకి తీసుకున్నారో, పోయిన పరువు నిలుపుకోవడానికి తీసుకున్నారో గానీ, ఈసారి పని చేయనిచ్చారు. మొదటి మ్యాచ్ ఓడిపోయింది. అయినా ఎవరూ ఆమెని పంపించెయ్యలేదు. ఆ సీజన్ చివరికి ఇరవై జట్లలో 12వ స్థానం. మరుసటి ఏడు 7వ స్థానం. మూడో ఏడు మళ్లీ 12. ఆహా ఓహో అనేంత కాదు, ఛీ అనేంతా కాదు. చిన్న బడ్జెట్‌తో నడిచే జట్టుని ఒక మామూలు మంచి కోచ్ ఎలా నడుపుతాడో అలా నడిపింది.

నాకు ఈ కేసులో బాగా నచ్చింది ఆ "మామూలు" అన్న మాటే. అద్భుతాలు చేస్తేనే ఆడదానికి చోటు అంటే అది చోటు కాదు, పరీక్ష. మూడేళ్లు రోజూ పొద్దున్నే వచ్చి, జట్టుని ఎంపిక చేసి, కొన్ని గెలిచి, కొన్ని ఓడి, జీతం తీసుకుని ఇంటికెళ్లింది చూడండి... అదీ ఉద్యోగమంటే!

తర్వాత 2017లో ఆమె ఫ్రాన్స్ మహిళా జట్టు కోచ్ అయింది. అక్కడ మాత్రం కథ చేదుగా ముగిసింది. 2023 ఫిబ్రవరిలో కెప్టెన్ వెండీ రెనార్, ఆమెతో పాటు మరికొందరు పెద్ద ఆటగాళ్లు ఈ పరిస్థితుల్లో ఆడలేమన్నారు. మార్చిలో దియాక్ర్‌ని తొలగించారు. ఆడవాళ్ల దగ్గర ఇమడలేకపోయిన మనిషి మగాళ్ల దగ్గర మూడేళ్లు నెగ్గుకొచ్చిందన్నమాట! స్త్రీ అయితే మెత్తగా ఉంటుందనీ, ఆడపిల్లల మనసు ఆడదానికే తెలుస్తుందనీ చెప్పే సూత్రాలు ఇక్కడ పనికిరాలేదు. మంచి కోచ్, కాని కోచ్ అని ఉంటారు గానీ, ఆడ కోచ్ అని ఒక జాతి ఏమీ లేదని నా ఉద్దేశం.

మా ఆడపడుచు కొడుకు అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుని ఐరోపా మ్యాచ్‌లు చూసే రకం. ఈ సంగతి ఎత్తితే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "మగాళ్ల పెద్ద లీగుల్లో ఆడనివాళ్లకి ఆ ఒత్తిడి ఎలా తెలుస్తుంది అత్తయ్యా?" అని. వినడానికి న్యాయంగానే ఉంది. మరి అరిగో సాకీ సంగతేమిటి? ఇటలీలో బూట్ల వ్యాపారంలో ఉన్న మనిషి. పెద్ద లీగుల్లో ఎప్పుడూ ఆడలేదు. 1989, 1990ల్లో వరసగా రెండుసార్లు ఏసీ మిలాన్‌ని యూరోపియన్ కప్ విజేతగా నిలబెట్టాడు. గుర్రపు స్వారీ చెయ్యాలంటే ముందు గుర్రమై పుట్టాలా అని ఎదురడిగాడు. హోసె మౌరీన్యో పోర్చుగల్‌లో బాబీ రాబ్సన్‌కి దుబాసీగా మొదలుపెట్టి ఎక్కడిదాకా వెళ్లాడో మావాడికే బాగా తెలుసు.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాద్‌నే చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దాడు. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిపించి స్వర్ణం తెచ్చాడు. ఆయన గొప్పతనం కాళ్లలో కాదు, ఆటని చదవడంలో, కుర్రాళ్లకి అర్థమయ్యేలా చెప్పడంలో ఉంది. పాఠం చెప్పడం ఆడవాళ్లకి రాదని ఇంతవరకు ఎవరూ అన్నట్టు లేదు!

ఇక రెండో ప్రశ్న, అందరూ గొంతు తగ్గించి అడిగేది: డ్రెస్సింగ్ రూమ్‌లోకి ఎలా వెళ్తుంది? జవాబు చాలా చిన్నది. తలుపు తట్టి వెళ్తుంది. బట్టలు మార్చుకోవడం అయ్యాక మాట్లాడాల్సిన నాలుగు మాటలు మాట్లాడి వస్తుంది. ఆడపిల్లల జట్లకి మగ కోచ్‌లు ఇన్నేళ్లుగా చేస్తున్నది అదేగా! ఆసుపత్రిలో మగ రోగులకి సేవ చేసే నర్సమ్మని ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? 2018 డిసెంబరులో జర్మనీలో ఐదో శ్రేణి జట్టు క్లోపెన్‌బర్గ్‌కి ఇమ్కె వుబెన్‌హోర్స్ట్ కోచ్ అయినప్పుడు ఒక విలేఖరి ఇలాంటిదే అడిగాడు. మీరు లోపలికి వచ్చేముందు ఆటగాళ్లు బట్టలు వేసుకునేలా సైరన్ మోగిస్తారా అని! ఆవిడ ఇచ్చిన ఎదురు జవాబు ఈ పేజీలో అచ్చువేసేది కాదు గానీ, విలేఖరికి మాత్రం చెంప ఛెళ్లుమంది.

మగాళ్లు ఆడదాని మాట వింటారా అంటారు. 2022 డిసెంబరు 1న ఖతార్ ప్రపంచకప్‌లో జర్మనీ, కోస్టారికా మ్యాచ్‌కి స్తెఫానీ ఫ్రపార్ రిఫరీ. ఆవిడ విజిల్ ఊదితే ఇరవై రెండు మందీ ఆగారు. క్రికెట్‌లో మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్.లక్ష్మి 2019 డిసెంబరులో పురుషుల వన్డేకి మ్యాచ్ రిఫరీ అయ్యారు. ఆ బాధ్యత చేసిన మొదటి మహిళ ఆవిడే. అధికారం స్పష్టంగా చేతికిస్తే వినడం దానంతట అదే వస్తుంది.

ఏడు గోల్స్ లెక్క

నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసింది హాంకాంగ్ అమ్మాయి చాన్ యుయెన్-టింగ్ కథ. కాలేజీలో భూగోళశాస్త్రం చదివింది. ఫుట్‌బాల్ అంటే పిచ్చి. ఇంట్లో మొదట ఒప్పుకోలేదు. ఆట లెక్కలు విశ్లేషించే ఉద్యోగంతో మొదలుపెట్టి మెల్లగా కోచింగ్‌లోకి వచ్చింది. 2015 డిసెంబరులో ఈస్టర్న్ అనే క్లబ్బు పగ్గాలు ఇచ్చేటప్పటికి వయసు 27. జట్టులో కొందరు ఆమెకంటే పెద్దవాళ్లు. 2016లో ఆ జట్టు హాంకాంగ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది, 21 ఏళ్ల తర్వాత! పురుషుల జట్టుకి ఒక దేశపు అగ్రశ్రేణి లీగ్ టైటిల్ తెచ్చిన మొదటి మహిళగా గిన్నిస్ పుస్తకంలో చేరింది.

దాంతో 2017 ఫిబ్రవరిలో ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో ఆడే అవకాశం వచ్చింది. మొదటి మ్యాచ్ చైనా కోటీశ్వరుల క్లబ్బు గ్వాంగ్‌ఝౌ ఎవర్‌గ్రాండ్‌తో. 7-0తో ఓడిపోయారు. అంత డబ్బున్న జట్టు ముందు చిన్న జట్టు నిలవకపోవడం వింత కాదు. ఆవిడ కొద్ది నెలల తర్వాత ఆ పదవి వదిలి, పై స్థాయి కోచింగ్ లైసెన్స్ చదువుకి వెళ్లింది.

ఆరోజు అవతలి పక్క నిలబడ్డ కోచ్ ఎవరో తెలుసా? లూయిజ్ ఫెలిపె స్కొలారి. 2002లో బ్రెజిల్‌కి ప్రపంచకప్ తెచ్చిన ఘనుడు. అదే స్కొలారి 2014 ప్రపంచకప్ సెమీఫైనల్లో, సొంత గడ్డ మీద, జర్మనీ చేతిలో 7-1తో ఓడిపోయాడు. దేశం మొత్తం ఏడ్చింది. ఆయన ఉద్యోగం పోయింది కూడా. మరుసటి ఏడాదే చైనాలో ఇంత పెద్ద ఉద్యోగం దొరికింది! ఏడు గోల్స్ తిన్నందుకు స్కొలారిని తిట్టారు గానీ "మగాళ్లకి కోచింగ్ చేతకాదు" అని ఎవరైనా అన్నారా? మగాడు ఓడితే అతనొక్కడే ఓడతాడు. ఆడది ఓడితే జాతి మొత్తం ఓడినట్టు లెక్క రాస్తారు.

టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రేకి ఇది స్వయంగా అనుభవమైంది. 2014లో అమేలీ మౌరెస్మోని కోచ్‌గా పెట్టుకున్నాడు. తను ఓడినప్పుడల్లా జనం ఆవిడ్ని అనేవాళ్లనీ, అంతకుముందు ఏ కోచ్‌కీ అలా జరగలేదనీ తర్వాత చెప్పుకొచ్చాడు.

ఇంకోటి చూడండి. ఇటలీ తరఫున వందకు పైగా గోల్స్ కొట్టిన కరోలినా మొరాచే 1999లో మూడో శ్రేణి జట్టు వితెర్బేజేకి కోచ్ అయింది. రెండే మ్యాచ్‌లు! అధ్యక్షుడితో పొసగక వెళ్లిపోయింది. 2023 జులైలో ఇంగ్లండ్‌లో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ హానా డింగ్లీకి తాత్కాలికంగా బాధ్యత ఇచ్చింది. అక్కడి ప్రొఫెషనల్ పురుషుల జట్టుకి ఆవిడే మొదటి స్త్రీ. ఒక స్నేహపూర్వక మ్యాచ్ 1-1తో డ్రా అయింది. రెండు వారాలకల్లా మగ కోచ్ వచ్చాడు. డిసెంబరులో ఆయన్ని తీసేశారు. తర్వాత వచ్చినాయన ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవక నెలలోపే వెళ్లాడు. మూడో ఆయన వచ్చాడు. సీజన్ చివరికి జట్టు అట్టడుగున నిలిచి లీగ్ నుంచే పడిపోయింది. డింగ్లీ ఉంటే నిలబెట్టేదని నేననను, అది ఎవరికీ తెలియదు. కానీ ఓడిపోవడానికి ముగ్గురికి అవకాశం దొరికింది, ఆవిడకి మాత్రం దొరకలేదు.

అసలు తలుపు ఎక్కడ మూసి ఉందో జర్మనీ వాళ్లని చూస్తే తెలుస్తుంది. ఇంగోల్‌స్టాట్ అనే మూడో శ్రేణి క్లబ్బులో సబ్రీనా విట్‌మన్ ఏళ్లపాటు కుర్రాళ్ల జట్లని చూసుకుంది. 2024 మేలో పెద్ద జట్టు కోచ్‌ని తీసేసినప్పుడు ఆమెకి తాత్కాలికంగా ఇచ్చారు, జూన్‌లో ఖాయం చేశారు. యూనియన్ బెర్లిన్‌లో మరీ-లూయీజ్ ఎటా 2023 నవంబరులో అసిస్టెంట్ కోచ్ అయింది. 2024 జనవరిలో హెడ్ కోచ్ మీద సస్పెన్షన్ పడితే ఆవిడే గీత పక్కన నిలబడి డార్మ్‌స్టాట్ మీద గెలిపించింది. ఇద్దరూ ప్రచారం కోసం ఆకాశంలోంచి దిగినవాళ్లు కాదు. కింది మెట్టు నుంచి వచ్చారు. అకాడమీ, అసిస్టెంట్, ఆ తర్వాత పెద్ద కుర్చీ. ఆ కింది మెట్ల మీద ఎంతమంది ఆడవాళ్లని నిలబడనిస్తున్నారన్నదే అసలు లెక్క. సిఫారసులూ, పాత స్నేహాలూ, "మనవాడు" అన్న మాటలూ నడిచేది అక్కడే.

ఇటు నుంచి అటు వెళ్లడానికి ఇన్ని ప్రశ్నలా? అటు నుంచి ఇటు రావడానికి ఒక్కటీ లేదు. "విజిల్" సినిమాలో విజయ్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయితే ఈలలు వేశాం. 2023 మహిళల ప్రపంచకప్‌లో 32 జట్లుంటే మహిళా కోచ్‌లు 12 మంది. మిగతా ఇరవై మంది మగాళ్లే. ఇంగ్లండ్ కోచ్ సరీనా వీగ్మన్ 2017లో నెదర్లాండ్స్‌కి, 2022, 2025ల్లో ఇంగ్లండ్‌కి యూరో కప్‌లు తెచ్చింది. ఆవిడ పేరు పురుషుల జట్టుకి ఎప్పుడైనా పరిశీలించవచ్చని అక్కడి ఫుట్‌బాల్ సంఘం పెద్ద 2023లో అంటే అది పతాక శీర్షిక అయింది!

అయితే ఎమ్మా హేస్ అన్న మాట కూడా వినాలి. 2021లో ఆవిడ చెల్సీ మహిళా జట్టు కోచ్. టైటిళ్ల మీద టైటిళ్లు గెలుస్తోంది. మూడో శ్రేణిలో ఉన్న వింబుల్డన్ పురుషుల జట్టుకి వెళ్తుందని పుకారు పుట్టింది. "పెద్ద అవకాశం కదా" అని విలేఖరులు మొహం వెలిగించుకుని అడిగారు. ఆవిడకి ఒళ్లు మండింది. ప్రపంచస్థాయి ఆడపిల్లలతో పనిచేస్తున్న నాకు, ఎక్కడో కింద ఉన్న మగాళ్ల జట్టు మెట్టు ఎక్కినట్టు ఎలా అవుతుంది, ఇది మహిళల ఆటకే అవమానం అంది. పైగా వింబుల్డన్ వాళ్లు నా జీతం ఇచ్చుకోలేరని ఒక చురక కూడా వేసింది. ఆవిడ ఆ జట్టుకి వెళ్లలేదు. 2024 మేలో అమెరికా మహిళా జట్టు బాధ్యత తీసుకుని, ఆగస్టులో పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం అందించింది.