మల్బరీ ఆకు పురుగుకి, మాత్ర మనకి



ఈసారి గూళ్ళ రేటు మాట కాదు, షుగర్ మాట. మాది కోలారు పక్క. మా నాయనకి షుగర్ ఉందని తేలి మూడు పంటలయింది. తోటలో మల్బరీ మోడు గుచ్చుకున్న పుండు నెలయినా మానకపోతే చూపించడానికి పోయినాము. పరగడుపున 186 వచ్చింది. 126, ఆపైన వస్తే షుగర్ కిందే లెక్క అన్నారు డాక్టరు. మళ్ళీ చేయించినా అంతే.

మర్నాటి నుంచి ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: "తోట నిండా మందు పెట్టుకొని మాత్రలెందుకప్పా? ఆకు కషాయం తాగు." మేమూ నమ్మినాము. మాత్రలు పక్కన పెట్టి, ఒక పంట మొత్తం పొద్దున్నే ఆకు ఉడకబెట్టి ఇచ్చినాము. గూళ్ళు మార్కెట్టుకి వేసిన వారంలో చూపిస్తే 240. తప్పు మాదే, ఆకుది కాదు.

ఆ మాటలో నిజమే లేదని మేము అనము. ఆకులో డీఎన్‌జే అనే పదార్థం ఉంది. తిన్న అన్నం, ముద్ద పేగులో చక్కెరగా మారడాన్ని అది నిదానం చేస్తుంది. డాక్టర్లు రాసే కొన్ని మాత్రల పని కూడా అదే. కానీ మాత్రకి కొలత ఉంది. మన ఆకులో ఎంతుందో రకాన్ని బట్టి, లేత ముదురుని బట్టి మారిపోతుంది. ఇంకో సంగతి. తోటకి మందు కొడితే పురుగుకి ఆకు వెయ్యడానికి రోజులు లెక్కపెట్టి ఆగుతాము. మనం తాగే కషాయానికి ఆ లెక్క ఎవరు చూస్తున్నారు? పురుగు మీద ఉన్న జాగ్రత్త మనిషి మీద లేదు. తాగాలనే ఉంటే డాక్టరుకి చెప్పి తాగండి, మాత్ర మాత్రం ఆపొద్దు.

మాత్ర కంటే కష్టమైంది వేళకి తినడం. నాలుగో జ్వరం లేచినాక సంగతి మీకు తెలుసు కదా. పంట మొత్తానికి పట్టే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఆ ఆఖరి వారంలోనే. కొమ్మలు కోసి, మోసి, వేసేసరికి మధ్యాహ్నం మూడు. కొన్ని మాత్రలు వేసుకొని ఇట్లా తిండి తప్పిస్తే షుగర్ దిగిపోతుంది. నాయనకి షెడ్డులోనే చెమటలు పట్టి, చేతులు వణికినాయి. అందుకే ఇప్పుడు చంద్రికల పక్కన గ్లూకోజ్ పొడి డబ్బా ఉంటుంది. అట్లా అయితే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట కూర్చోబెట్టి, తర్వాత అన్నం పెట్టాలి. పురుగులకి మేత వేసే ముందు నాయనకి ముద్ద. మా అమ్మ పెట్టిన రూలు ఇది, ఎవరూ దాటేది లేదు.

ముద్ద అంటే ఒకటే, అదీ చిన్నది. రాగులు మంచివే, కానీ రెండు పెద్ద ముద్దలు తింటే వాటితోనూ షుగర్ పెరుగుతుంది. మా పక్క ఈ మాట చెప్తే నవ్వుతారు. మీటరులో చూసినాకే మేమూ ఒప్పుకున్నాము.

ఖర్చుకి భయపడి ఊరుకోవద్దు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితం. తమిళనాడులో ఇంటికే మాత్రలు తెచ్చిచ్చే పథకం 2021 ఆగస్టులో మొదలైంది మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే. హోసూరు పక్కవాళ్ళు అడిగి తీసుకోండి.

నాయన పుండు మానింది. ఇప్పుడు తోటకి చెప్పులు లేకుండా పోనివ్వము. షెడ్డులో సున్నం చల్లిన రోజు కూడా అంతే. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు టార్చి వేసి మేమే చూస్తాము. ఆయనకి మొద్దుబారి ముల్లు గుచ్చుకున్నా తెలియడం లేదు.