కప్ప తాళం కాదు, పక్కింటి కన్ను కావాలి

సంక్రాంతి దగ్గర పడితే చాలు, పోలీసుల ప్రకటన వస్తుంది. 'ఊళ్లకు వెళ్లేవారు ఠాణాలో చెప్పి వెళ్లండి, నగలు ఇంట్లో ఉంచకండి' అని. మంచి మాటే. కానీ ఎవరికి చెప్పిన మాట అది? మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఫ్లాట్లకు తాళం వేసి పండక్కి ఊరికి వచ్చే మన పిల్లలకు. మరి ఆ పిల్లల పిల్లలను చూసుకోడానికి ఊళ్లో ఇంటికి తాళం వేసి, హైటెక్ సిటీ వైపు బస్సెక్కే అమ్మానాన్నల సంగతేంటి? ఆ ఇంటిని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఏ ఊరికి పోయినా ఇదే వరస. కొడుకు కంపెనీలో, కోడలు కంపెనీలో. మనవడిని ఎత్తుకోడానికి నాయనమ్మ కావాలి. నెల రోజులని పోయిన మనిషి మూడు నెలలకు గానీ రాదు. ముసలాయన ఒక్కడే ఉండలేక వారానికోసారి పోయి వస్తుంటాడు. వీధిలో చీకటి ఇళ్లు పెరుగుతున్నాయి.

దానికి తోడు భూమి ధర. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ రాళ్లూ రప్పలే. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ కోట్లు మన చేతికి రాలేదు. ఎకరం, రెండెకరాల రైతుకు ఆ ధర పేపర్లో చదువుకోడానికే. కానీ 'అటువైపు రైతుల ఇళ్లలో డబ్బుంది' అన్న మాట మాత్రం పుట్టింది. డబ్బు రాకపోయినా దొంగ చూపు వచ్చింది.

దొంగకు తెలిసింది, పొరుగుకు తెలియలేదు

మా మేనత్త సంగతే చెబుతాను. మనవరాలు పుట్టిందని కొండాపూర్ పోయింది. దొంగల భయంతో పోతున్నట్టు ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున తలుపుకు పెద్ద కప్ప తాళం వేసి, చడీచప్పుడు లేకుండా పోయింది. ఇరవై రోజులకు తిరిగి వస్తే తాళం వాకిట్లో పడి ఉంది. దాని పక్కనే గడ్డపార. అది దొంగ తెచ్చింది కాదు, మా అత్తదే. ఎద్దుల కొట్టానికి ఆనించి పెట్టిన గడ్డపారతోనే తాళం పగలగొట్టారు. రెండు తులాల గొలుసు, దూడను అమ్మిన డబ్బు పోయాయి.

పక్కింటివాళ్లను అడిగితే ఏమన్నారో తెలుసా? 'చప్పుడు విన్నాం. మీరే వచ్చారేమో అనుకున్నాం' అని. మూడు రోజులు వాకిలి ఊడ్వకపోతే ఆ ఇంట్లో మనుషులు లేరని దొంగకు అర్థమైపోతుంది. తెలియనిదల్లా కాపు కాయగల పొరుగువాళ్లకే. మనం దాచవలసింది దొంగ దగ్గర, దాస్తున్నది పొరుగు దగ్గర. నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

కెమెరా చూస్తుంది, లేచి రాదు

'కెమెరా పెట్టిస్తే సరిపోదా?' అనవచ్చు. కెమెరా మంచిదే. దొంగను పట్టుకోడానికి పోలీసులకు అది కన్ను. కానీ 2024 మార్చిలో మియాపూర్ ప్రాంతంలో ఒక పాఠశాలలో చడ్డీ గ్యాంగు దూరి 7 లక్షల 85 వేలు ఎత్తుకుపోయింది. వాళ్లు తిరిగిన దృశ్యాలన్నీ కెమెరాలో చక్కగా పడ్డాయి. డబ్బు మాత్రం పోయింది. కెమెరా మొరగదు, కేక వేయదు.

డబ్బుకు కొదవలేని ఐటీ కంపెనీలు ఏం చేశాయో చూడండి. ఒక్కో గేటుకు ఎంతమంది కాపలా ఉన్నా, రోడ్డు మీద భద్రత ఎవరికి వారుగా చూసుకుంటే కుదరదని వాళ్లకు తెలిసింది. 2006లో కంపెనీలు, సైబరాబాద్ పోలీసులు కలిసి భద్రతా మండలి ఒకటి పెట్టుకున్నారు. అద్దాల మేడలకే పొరుగు తోడు కావలసి వస్తే, పెంకుటింటికి అక్కర్లేదా?

ఖర్చు లేని కాపలా

ఊరికి పోయేటప్పుడు నమ్మకమైన రెండు ఇళ్లకు చెప్పి పొండి. పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు వేయమనండి. సాయంత్రం లైటు వేసి, పొద్దున ఆర్పమనండి. పగలంతా వెలిగే లైటు కూడా ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. మీ ఫోను నంబరు వాళ్లకివ్వండి. వాళ్లు పోయినప్పుడు మీరు చూడండి. చేబదులు లాగే ఇదీ ఒకరికొకరు తీర్చుకునేదే.

గడ్డపార, పార, గొడ్డలి, నిచ్చెన బయట వదలొద్దు. లోపల పెట్టి తాళం వేయండి. కప్ప తాళం ఎంత పెద్దదైనా గొళ్లెం బలహీనమైతే లాభం లేదు. చిన్న స్క్రూలతో బిగించిన గొళ్లెం ఒక్క పోటుకు ఊడుతుంది. తలుపుకు ఇవతలి నుంచి అవతలికి బోల్టు వేసి, లోపల నట్టు బిగించాలి. వీలైతే బయటికి కనిపించని తాళం పెట్టించండి. ముందు తలుపు టేకుతో చేయించి వెనక తలుపు రేకుతో సరిపెట్టేవాళ్లున్నారు. దొంగ వచ్చేది వెనక నుంచే. డాబా మెట్ల తలుపు, కిటికీ గ్రిల్లు కూడా చూసుకోండి. రాత్రి ఇంట్లో ఉన్నప్పుడు పాతకాలపు అడ్డకర్రకు మించిన గడియ లేదు.

ఎండాకాలం ఉక్కకు తాళలేక డాబా మీద పడుకుంటాం. కింద తలుపు దగ్గరకు వేసి ఊరుకుంటాం. నిద్ర పట్టాక కింద ఏం జరిగినా తెలియదు. పైకి పోయేముందు కింద తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకోండి. కూరగాయలతో రైతుబజారుకో, పూలతో గుడిమల్కాపూర్ మార్కెట్‌కో రాత్రి రెండు గంటలకే లేచిపోయే రైతులు, ఇంట్లో ఆడవాళ్ల చేత లోపల గడియ పెట్టించాకే బండి కదిలించండి.

బంగారం మాట

బీరువా తాళంచెవి పరుపు కిందో, బియ్యం డబ్బాలోనో పెడతాం. దొంగ ముందు వెతికేది అక్కడే. రోజూ పెట్టుకోని నగలు ఇంట్లో వద్దు. అయితే బ్యాంకులో పెడితే బెంగ తీరిందని కూడా అనుకోవద్దు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో ఒక బ్యాంకు కిటికీ గ్రిల్లు తొలగించి దూరిన దొంగలు, గ్యాస్ కట్టర్‌తో లాకర్లు కోసి సుమారు 19 కిలోల బంగారం తీసుకుపోయారు. అది జనం కుదువపెట్టిన సొమ్ము. అందుకే కుదువ చీటీ మీద ప్రతి నగ, దాని తూకం రాయించుకోండి. లాకరు అద్దెకు తీసుకుంటే, దొంగతనం జరిగినప్పుడు బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్లు. అద్దె 2 వేలైతే 2 లక్షలు. ఆ లెక్క తెలిసి పెట్టుకోండి. నగల ఫొటోలు తీసి పిల్లల ఫోనుకు పంపి ఉంచండి.

భూమి అమ్మితే సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పదు. అలా దాచిన డబ్బు పోతే ఫిర్యాదులో సగం చెప్పి సగం మింగాలి.

జరగరానిది జరిగితే

ఏదీ ముట్టుకోవద్దు. తలుపు, బీరువా మీద వేలిముద్రలుంటాయి. 100కు గానీ 112కు గానీ ఫోను చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీరు మాదాపూర్‌లో ఉండగా ఊళ్లో ఇల్లు పగిలితే అక్కడే ఇవ్వండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఇంకో మాట. కొత్త మనిషి కనిపిస్తే కర్ర ఎత్తొద్దు. 2018 మేలో దొంగలొచ్చారు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లొచ్చారు అన్న వాట్సాప్ పుకార్లతో తెలంగాణలో అమాయకుల ప్రాణాలు పోయాయి. అనుమానం వస్తే పోలీసులకు చెప్పండి. కాపలా మన పని, శిక్ష మన పని కాదు.

పోలీసులకూ ఒక విన్నపం. పండగ ముందు అపార్టుమెంట్లలో చెప్పే మాటలు ఊరి రచ్చబండ దగ్గర కూడా చెప్పండి. తాళం వేసిన ఇళ్ల జాబితా బీటు కానిస్టేబులు దగ్గర ఉండాలి. చందాలతో పెట్టిన కెమెరా చెడిపోతే బాగు చేయించే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి. వీధి దీపం వెలిగించడానికి దొంగతనం జరిగేదాకా ఆగొద్దు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్క ఎవరికీ అక్కరకు రాదు.

మా అత్త ఈ మధ్య మళ్లీ కొండాపూర్ పోయింది. ఈసారి పోయేముందు పక్కింటికి పోయి చెప్పింది. గడ్డపార కూడా వాళ్లింట్లోనే పెట్టి పోయింది.